మల్లె అత్తరులో మన మల్లెపూవు వాసన ఎందుకు రాదు?

బ్యారేజీ గాలి (కృష్ణలంక, విజయవాడ)

అందరికీ నమస్కారం. స్పిరిట్ కలిసిన సెంటు చల్లుకున్న ప్రతిసారీ తుమ్ములు పట్టుకుంటున్నాయని రెండేళ్ళ క్రితం వాటిని మానేసి అత్తరు నూనెలకు మారాను. వన్ టౌన్‌లోని ఒక దుకాణంలో మూడేసి మి.లీ. సీసాలు ఐదు కొన్నాను: మల్లె, వట్టివేరు, మట్టి, మొగలి, హీనా. ఏది పూసుకున్నప్పుడు ఎలా ఉందో, ఎంతసేపటికి ఎలా మారిందో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. ఆ రాతలలో కొన్నింటిని ఇక్కడ పెట్టి, నాకు తేలని సందేహాలను మీ ముందు ఉంచుతున్నాను.

ముందుగా మల్లె సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రశ్న అంతా దాని గురించే. వేసవి సాయంత్రాలలో మైలవరం వైపు నుంచి వచ్చిన మొగ్గలను మా అమ్మ తడిగుడ్డలో పోసుకుని దండ కడుతూ ఉంటే, ఏడు గంటలకు లేని వాసన ఎనిమిదిన్నరకల్లా వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా పాకేది. ఆ వాసనను ఆశించే మల్లె అత్తరు కొన్నాను. మూత తీయగానే నాకు ద్రాక్ష సోడా గుర్తుకు వచ్చింది. మణికట్టు మీద రాసుకున్న అరగంటకు ఆ తీపి తగ్గి, బీరువాలో వేసిన కలరా ఉండల వంటి వాసన ఒకటి లోపలి నుంచి పైకి వచ్చింది. మర్నాడు ఉదయం చొక్కా మెడపట్టీ వాసన చూస్తే, రాత్రి జడలో పెట్టుకుని తెల్లవారి తీసి పారేసే వాడిన పూల వాసన ఉంది. అంటే పువ్వు వాడిపోయాక వచ్చేది దొరికింది కానీ, విచ్చుకునేటప్పుడు వచ్చేది మాత్రం ఎక్కడా దొరకలేదు.

వట్టివేరు మీద నాకు ఎటువంటి ఫిర్యాదూ లేదు. వట్టివేళ్ళ తడికల మీద నీళ్ళు చల్లినప్పుడు వచ్చే చల్లదనమే మొదట తగిలింది. గంట తరువాత కొంచెం చేదు, కొంచెం వగరు. సాయంత్రానికి ఎండిన వేరు వాసన, దాని అడుగున ఆరిన పొగ వంటిది ఒకటి మిగిలింది. రోజంతా అది వట్టివేరుగానే ఉంది. మట్టి అత్తరు మొదటి పది నిమిషాలు అద్భుతం. కొత్త కుండలో మొదటిసారి నీళ్ళు పోసినట్టే ఉంటుంది. ఆ తరువాత మట్టి మాయమై ఒక మెత్తటి గంధపు వాసన మాత్రమే మిగులుతున్నది. మొగలి పూసుకుని సిటీ బస్సు ఎక్కిన రోజున నాకే తలనొప్పి వచ్చింది, పక్క సీటు ఆయన సంగతి చెప్పనక్కరలేదు. హీనాను మే నెలలో వాడటం నా తప్పే. బెంజి సర్కిల్ చేరేసరికి పలావు దినుసులన్నీ నా మెడ మీద ఉడుకుతున్నట్టు అనిపించింది.

నా సందేహాలు మూడు. వట్టివేరు అంత నిజాయితీగా ఉన్నప్పుడు మల్లె ఎందుకు ఉండదు? మట్టి వాసన నిజంగానే పది నిమిషాలలో ఆవిరైపోతున్నదా? మల్లె సీసా 250 రూపాయలకు ఇస్తూ, "అసలైన మంచిగంధం నూనెలోకి దింపిన సరుకు" అని దుకాణదారు చెప్పిన మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

దూదిపోగు (పట్నంబజారు, గుంటూరు)

మీ నోటు పుస్తకం పద్ధతి నాకు బాగా నచ్చింది. నా చిన్నతనంలో మా బాబాయి గారికి చిన్న అత్తరు దుకాణం ఉండేది. వేసవి సెలవులలో నేను సీసాలు తుడిచేవాణ్ణి. ఒక కొనుగోలుదారు వాసన బాగుందనో, బాగాలేదనో అంటే ఆయన పట్టించుకునేవారు కాదు, "ఎప్పుడు బాగుంది?" అని అడిగేవారు. మీరు వేళలతో సహా రాశారు కాబట్టి జవాబు చెప్పడం తేలికైంది.

మూడో సందేహంతో మొదలుపెడతాను, అది లెక్క చూసుకుంటే తేలిపోతుంది. మంచిగంధం నూనె కిలో ధర ఎప్పుడో లక్ష రూపాయలు దాటింది. కిలో లక్ష అనే అనుకున్నా గ్రాము వంద రూపాయలు. మూడు మి.లీ. అంటే ఇంచుమించు మూడు గ్రాములు, అనగా ఒక్క గంధం నూనెకే మూడు వందలు అవుతుంది. పూల ఖర్చు, కట్టెల ఖర్చు, కూలి, సీసా, దుకాణపు లాభం అన్నీ కలిపి మీకు 250కి ఇచ్చారంటే, అందులో మంచిగంధం ఉండటానికి వీలు లేదు. లిక్విడ్ పారఫిన్ వంటి వాసన లేని నూనెలో వాసన ద్రవ్యాలు కలిపి ఉంటారు. అది నేరమేమీ కాదు, అందరూ చేస్తున్నదే. గంధం పేరు చెప్పి అమ్మడమే తప్పు.

అసలు పద్ధతి ఏమిటో చెబితే మల్లె ఎందుకు అలా మారుతుందో కూడా తెలుస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఇప్పటికీ రాగి డేగిశాలలోనే అత్తరు దింపుతారు. ఆ డేగిశాను వాళ్ళు ‘దేగ్’ అంటారు. అందులో పూలూ నీళ్ళూ పోసి, మూత అంచును మట్టితో, దూదితో మెత్తి, కింద కట్టెలో పిడకలో పెట్టి సన్నని సెగ తగిలిస్తారు. ఆవిరి ఒక వెదురు గొట్టంలో నుంచి వెళ్ళి, నీళ్ళ తొట్టిలో మునిగి ఉన్న ‘భప్కా’ అనే రాగి పాత్రలోకి దిగుతుంది. ఆ పాత్రలో ముందే మంచిగంధం నూనె పోసి ఉంచుతారు. పూల ఆవిరి అందులో చల్లబడి, పరిమళం నూనెను పట్టుకుంటుంది, నీరు అడుగున చేరుతుంది. మర్నాడు ఆ నీటిని తీసేసి, అదే నూనె మీదకు కొత్త పూల ఆవిరిని మళ్ళీ పంపుతారు. ఇలా రోజుల తరబడి చేస్తేనే ఆ నూనె అత్తరు అవుతుంది. సెగ ఎక్కువైతే పూలు మాడి కమురు వాసన వస్తుంది, తక్కువైతే పరిమళం దిగదు. పనివాడు గొట్టం మీద చెయ్యి పెట్టి చూసి, పాత్రలో చప్పుడు విని సెగను సరిచేస్తాడు.

ఇప్పుడు వట్టివేరునూ మల్లెనూ పక్కపక్కన పెట్టి చూడండి. వట్టివేరు తన వాసనను నూనెగా వేళ్ళలోనే దాచుకుంటుంది. ఆ నూనె బరువైనది, గంటల తరబడి ఉడికినా చెడదు, వేళ్ళు ఎండినా పోదు. పైగా తడిస్తే తిరిగి లేస్తుంది కనుకనే మన పెద్దలు తడికలు కట్టారు. మల్లెపూవు అలా దాచిపెట్టుకోదు. సాయంత్రం విచ్చుకునేటప్పుడు ఎప్పటికప్పుడు వాసనను తయారు చేస్తూ గాలిలోకి వదులుతుంది, కోసిన తరువాత కూడా ఆ పని ఆపదు. మీ ఇంట్లో ఏడింటికి లేని వాసన ఎనిమిదిన్నరకు రావడానికి కారణం అదే. అటువంటి పువ్వును మరిగే నీళ్ళలో వేస్తే పని మధ్యలోనే ఆగిపోతుంది. కాబట్టి ఎంత నిజాయితీగా దింపినా మల్లె అత్తరులో కొంత ‘ఉడికిన’తనం ఉండక తప్పదు. నేను వాడిన మంచి మల్లె అత్తరులో కూడా మొదట గంధమే పలకరించింది, మల్లె రెండో గంటలో సిగ్గుపడుతూ వచ్చింది.

ఈ సంగతి తెలిసినందువల్లనే పూర్వం జౌన్‌పూర్, ఘాజీపూర్ ప్రాంతాలలో నిప్పు జోలికి పోకుండా, పొట్టు తీసిన నువ్వులనూ పూలనూ పొరలు పొరలుగా పరిచి, రోజూ వాడిన పూలు తీసి కొత్తవి పరిచి, ఆ నువ్వులను గానుగ ఆడించి తలనూనె తీసేవారు. చమేలీ నూనె అంటే అసలు అర్థం అది. పూవు బతికి ఉన్నంతసేపు విడిచిన వాసనను నువ్వులోని నూనె పట్టుకుంటుంది.

హీనా గురించి ఒక మాట. పేరు విని గోరింటాకు అనుకుంటారు. గోరింట పూల నుంచి దింపేది గుల్ హీనా, అది వేరు. మీరు కొన్నది ఎన్నో మూలికలూ సుగంధ దినుసులూ కలిపి దింపే మిశ్రమం, ‘శమామా’ అని పిలిచే మిశ్రమ అత్తరుల జాతికి చెందినది. దానిని చలికాలపు అత్తరుగానే లెక్కిస్తారు. కస్తూరి రకం, అంబరు, అగరు కూడా అంతే. వేసవికి వట్టివేరు, గులాబీ, మొగలి, మట్టి. మన ఎండలో ఈ విభజనను పాటించనివారికి పలావు అనుభవమే మిగులుతుంది.

ఇంకొక విషయం సందర్భం వచ్చింది కనుక చెబుతున్నాను. ఈ రుచి మన ప్రాంతానికి కొత్తది కాదు. గుంటూరుకు కూతవేటు దూరంలో ఉన్న కొండవీటిని 14వ శతాబ్దం చివర ఏలిన కుమారగిరి రెడ్డికి కర్పూర వసంతరాయలన్న బిరుదు ఉండేది. ఆయన వసంతోత్సవాలకు కర్పూరం, కస్తూరి, అగరు, చందనం వంటివి సముద్రం మీదుగా తెప్పించి ఇచ్చిన వర్తకుడు అవచి తిప్పయ్య శెట్టి. ఆ రోజులలో అతని చిట్టా పుస్తకాలు ఎలా ఉండేవో ఒక్కసారి చూడగలిగితే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

జాజితీగ (బ్రాడీపేట, గుంటూరు)

దూదిపోగు గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, మొగలి విషయంలో మన మిత్రుడికి అన్యాయం జరిగింది. మొగలిని మణికట్టుకు రాసుకోకూడదండీ. మా అమ్మమ్మ మొగలి రేకులను పట్టుచీరల పెట్టెలో వేసేది, చీర కట్టుకున్న రోజున ఆ వాసన మడతలలో నుంచి ఊపిరంత వచ్చేది. అదే రేకును జడలో కుట్టుకుంటే పక్కింటికి కూడా తెలిసేది. దూరాన్ని బట్టి అందం మారే వాసన అది. ఒక దూది ఉండకు పుల్లతో ఒక్క చుక్క అంటించి, ఆ దూదిని రుమాళ్ళు పెట్టుకునే అరలో వేసి చూడండి. రెండు రోజులకు ఆ రుమాలులో తేనె, పచ్చి ఆకు, కొద్దిగా మిరియపు ఘాటు కలిసిన వాసన దొరుకుతుంది. మొగలి అత్తరులో అత్యధిక భాగం ఒడిశాలోని గంజాం జిల్లా నుంచే వస్తుంది. సముద్రపు ఒడ్డున పెరిగే పొద కాబట్టి దానిలో కొంచెం ఉప్పుగాలి కూడా ఉన్నట్టు నాకు తోస్తుంది, ఇది నా ఊహ మాత్రమే.

పువ్వు వాసన పువ్వులాగే ఉండాలని పట్టుబట్టేవారు మల్లె బదులు సంపెంగ ప్రయత్నించాలని నా సలహా. సంపెంగలో సహజంగానే పండిన పండు తీపి, టీ ఆకు వంటి వగరు ఉండటం వలన, నూనెలోకి దిగి కొంత మారినా అది సంపెంగే అనిపిస్తుంది. మల్లెలో తేడా వస్తే వెంటనే పట్టేస్తాం, ఎందుకంటే మనకు ఆ పువ్వు అంత బాగా తెలుసు. లావెండరు తేడాగా ఉంటే మనలో ఎంతమంది గుర్తుపడతారు?

పరీక్షనాళిక (పటమట, విజయవాడ)

నేను రసాయన శాస్త్రం బోధిస్తాను. బ్యారేజీ గాలి గారి ముక్కు మీద నాకు గౌరవం కలిగింది, ఎందుకంటే ఆయన రాసిన రెండు పోలికలూ ఉపమానాలు కావు, అక్షరాలా నిజాలు. మల్లెలో సహజంగానే మిథైల్ ఆంత్రనిలేట్ అనే పదార్థం ఉంటుంది. ద్రాక్ష రుచి గల మిఠాయిలలో, సోడాలలో ఆ వాసన కోసం వాడేది కూడా దానినే. మల్లెలో ఉండే మరొక పదార్థం ఇండోల్. అది లేశమాత్రంగా ఉంటే పువ్వుకు నిండుదనం వస్తుంది, మోతాదు పెరిగితే కలరా ఉండల వాసన వస్తుంది, ఇంకా పెరిగితే చెప్పుకోవడానికి బాగుండని వాసన వస్తుంది. పువ్వులో ఈ రెండింటి చుట్టూ మరెన్నో పదార్థాలు ఉండి వాటిని అదుపులో ఉంచుతాయి. చవకగా మల్లె తయారు చేసేవారు ఐదారు పదార్థాలతో సరిపెడతారు కనుక, ఈ రెండూ గుంపులో నుంచి బయటికి వచ్చి విడివిడిగా నిలబడతాయి. తేలికైనవి ముందుగా ఆవిరై, బరువైనవి చివరికి మిగలడమే టాప్ నోట్, మిడిల్ నోట్, బేస్ నోట్ అని పరిమళాల వాళ్ళు చెప్పే విభజన. మీ చొక్కా మెడపట్టీకి మిగిలింది ఆ బేస్ నోట్.

మట్టి అత్తరు విషయంలో మాత్రం తప్పు అత్తరుది కాకపోవచ్చు, మన ముక్కుది కావచ్చు. వాన వాసనకు పెట్రికోర్ అన్న పేరును 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ పెట్టారు. ఎండిన మట్టి నుంచి పరిమళాన్ని దింపే పని అప్పటికే కన్నౌజ్‌లో జరుగుతున్నదని వారికి తెలుసు. తడి మట్టి వాసనలో ముఖ్యమైన జియోస్మిన్‌ను మన ముక్కు లక్ష కోట్ల పాళ్ళలో కొద్ది పాళ్ళు ఉన్నా పసిగడుతుంది. అయితే ఒకే వాసన ఎడతెగకుండా తగులుతూ ఉంటే ముక్కు దానిని పట్టించుకోవడం మానేస్తుంది. పది నిమిషాల తరువాత మీకు తెలియని మట్టి వాసన, అప్పుడే గదిలోకి వచ్చినవారికి తెలుస్తూ ఉండవచ్చు. ఒకసారి చేతి మీద పూసుకుని, డాబా మీదకు వెళ్ళి పావుగంట తిరిగి, గదిలోకి వచ్చి మళ్ళీ చూడండి. అదే సమయంలో ఒక కాగితపు ముక్క మీద కూడా చుక్క వేసి ఉంచితే, చర్మం వేడికి జరిగిన మార్పు ఎంతో, ముక్కు అలసట ఎంతో విడివిడిగా తెలుస్తుంది.

ఉడికించడం వలన వాసన మారడమే కాక, కొంత నీటిపాలు అవుతుందని కూడా గుర్తుంచుకోవాలి. గులాబీకి ఆ తాజాదనాన్ని ఇచ్చే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ నీటిలో బాగా కరుగుతుంది. అందువలన అది గులాబీ నూనెలోకి కొంచెమే చేరి, ఎక్కువ భాగం నీటిలోనే ఉండిపోతుంది. పెళ్ళిలో బుడ్డితో చల్లే మంచి పన్నీరు, వేల రూపాయల గులాబీ నూనె కంటే తోటలోని గులాబీకి దగ్గరగా అనిపిస్తే మీ ముక్కును అనుమానించనక్కరలేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బెర్గమోట్ వంటి నిమ్మజాతి నూనెలు ఉన్న మిశ్రమాలను ఎండ తగిలే చర్మం మీద రాసుకోకండి. వాటిలోని కొన్ని పదార్థాలు ఎండతో కలిసి చర్మాన్ని కమిలేటట్టు చేస్తాయి, ఆ మచ్చలు చాలాకాలం ఉంటాయి. విజయవాడ మే నెలలో ఇది చిన్న విషయం కాదు.

బ్యారేజీ గాలి (కృష్ణలంక, విజయవాడ)

ముగ్గురికీ కృతజ్ఞతలు. రెండు వారాలు ఆగి రాస్తున్నాను, చెప్పినవన్నీ చేసి చూసి రాయాలని.

మట్టి అత్తరు పరీక్షలో నేను ఓడిపోయాను. డాబా మీద తిరిగి వచ్చాక అదే చేతిలో మట్టి వాసన మళ్ళీ దొరికింది, మొదటిసారి ఉన్నంత కాకపోయినా సగానికి పైగా ఉంది. కాగితం మీద వేసిన చుక్కలో అయితే మర్నాటి దాకా ఉంది. నేను పది నిమిషాలకే పోయిందనుకున్నది, నలభై నిమిషాల తరువాత మా చెల్లెలు గది గుమ్మంలోనే "ఎవరు నీళ్ళు చల్లారు?" అని అడిగేంత ఉంది. నోటు పుస్తకంలో పాత వరుస కొట్టేసి ఇది రాసుకున్నాను. మొగలి దూదిని రుమాళ్ళ అరలో వేశాను, జాజితీగ గారు చెప్పిన తేనె నాకు దొరికింది కానీ మిరియం దొరకలేదు.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది నువ్వుల సంగతి. ఒక వెడల్పాటి స్టీలు డబ్బాలో పావుకిలో తెల్ల నువ్వులు పరిచి, సాయంత్రం మొగ్గలు వేసి మూతపెట్టి, ఉదయం వాడిన పూలు ఏరి, సాయంత్రం మళ్ళీ కొత్తవి వేస్తూ ఆరు రోజులు చేశాను. గానుగకు ఇచ్చేంత సరుకు కాదు కనుక, గుప్పెడు నువ్వులను రోట్లో ముద్దగా నూరి, గుడ్డలో పెట్టి పిండితే చెంచాడు నూనె కూడా రాలేదు. రాసుకోగానే వచ్చింది నువ్వుల వాసన, అందులో సందేహం లేదు. రెండు మూడు నిమిషాలకు దాని కింద నుంచి మల్లె వచ్చింది. ద్రాక్ష లేదు, కలరా ఉండలు లేవు. అమ్మ దండ కట్టేటప్పటి ఎనిమిదిన్నర వాసనా అంటే కాదు, ఏడుంబావు వాసన అనవచ్చు. గంటలోపే పోయింది, ఈసారి ముక్కు అలసట కాదు, చెల్లెలిని కూడా అడిగాను.

మిగిలిన నువ్వులతో చిమ్మిలి దంచుతానని అమ్మ సిద్ధమైంది. పూల మీద పురుగుమందు కొట్టి ఉంటారని వద్దన్నాను. ఆ నువ్వులు ఇప్పుడు గుడ్డ మూటలో ఆమె చీరల మధ్య ఉన్నాయి. మల్లె సీసాను మాత్రం చెల్లెలు తీసుకుంది, తనకు ద్రాక్ష సోడా ఇష్టమట.